తొమ్మిది సెకన్ల కోసం రెండు డిస్కులు

అన్నయ్య ఫోను చేసేటప్పటికి బుడ్డోడు ఒక ముసలాయన కళ్ళజోడుకి అద్దం అరగదీస్తున్నాడు. బుడ్డోడంటే చిన్నపిల్లాడనుకునేరు. నలభై ఒకటి నిండాయి, ముందుజుట్టు సెలవు తీసుకుని నాలుగేళ్ళయింది, కళ్ళజోళ్ళ షాపులో అద్దాల పనికి అతనే పెద్దదిక్కు. అయినా ఇంట్లో ఆఖరువాడు కాబట్టి ఆ పేరు అతన్ని వదల్లేదు, అతనూ వదిలించుకోలేదు.

అన్నదమ్ములిద్దరూ ఫోన్లలో మాట్లాడుకునే రకం కాదు. ఎవరి పెళ్ళిలోనైనా ఎదురుపడితే "బాగున్నావా" అని ఒకడు, "ఆఁ, బాగానే ఉన్నా" అని ఇంకొకడు అనుకుని, చెరో వరసలో కూర్చుని భోంచేసి వెళ్ళిపోయేవాళ్ళు. కిందటేడాది అమ్మ పోయినప్పుడు వారం రోజులు ఒకే ఇంట్లో ఉండి కూడా చేయాల్సిన పనుల గురించి తప్ప పెదవి విప్పలేదు. అలాంటిది పట్టపగలు, పని వేళలో, ఫోను మీద అన్నయ్య పేరు కనబడేసరికి బుడ్డోడి చేయి జారి ముసలాయన అద్దం మీద గీత పడింది.

"ఒరే, మన హార్డ్ డిస్కు నీ దగ్గర ఉందా?" అన్నాడు అన్నయ్య. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"ఏ డిస్కు?"

"ఏ డిస్కేంట్రా? అమ్మ పంచింది కదా, తలొకటి! నాది భద్రంగా ఉంది. నీది ఉందా, పారేశావా?"

"ఉంది," అన్నాడు బుడ్డోడు. అది అబద్ధం కాదు.

"హమ్మయ్య! విను. మనం డిస్కు కొన్న షాపు ఇంకా ఉందిరా. ఆ షాపాయనే ఉన్నాడు, జుట్టు మాత్రం తెల్లబడింది. రెండూ తెస్తే కలిపి చూపిస్తానన్నాడు. ఆదివారం పొద్దున పదింటికి వచ్చెయ్. మన ఇల్లు చూడొచ్చురా బుడ్డోడా! అమ్మ వంటిల్లు చూడొచ్చు!"

అన్నయ్య గొంతులో అంత సంబరం విని ఇరవై రెండేళ్ళయింది. డిస్కు ఉన్న మాట నిజమే గానీ అందులో ఇల్లు లేదు. అన్నయ్య వేరు కాపురానికి వెళ్ళిన మర్నాడే బుడ్డోడు తన చేతుల్తో దాన్ని తుడిచేశాడు. ఆ సంగతి అతనికి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆదివారం పదింటికి అన్నయ్యకి కూడా తెలిసిపోతుంది.

అసలు కథ మొదలైంది వాళ్ళ పాత ఇంటి ముందుగదిలో. రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఇల్లు అది. అమ్మ బట్టలు కుట్టేది. ఆమె మిషను వంటింట్లోనే ఉండేది, ఒక కన్ను కుట్టు మీద, ఒక కన్ను పొయ్యి మీద. ముందుగదిలో పాత కంప్యూటరు, దాని ఎదురుగా ఒక కుర్చీ, పక్కన ఒక స్టూలు. ఆడేవాడు కుర్చీలో, ఉచిత సలహాలిచ్చేవాడు స్టూలు మీద. "కుడి, కుడి! వెనకున్నాడు చూడు! నీకు కళ్ళున్నాయా, గుండీలున్నాయా?" అని స్టూలు అరుస్తుంటే కుర్చీ పళ్ళు కొరుక్కునేది.

తుపాకీ పట్టుకుని తలుపులు తన్నుకుంటూ పోయే ఆట అది. ఒక మజిలీ దాటి రెండోదానికి వెళ్ళాలంటే తెర నల్లగా అయిపోయి, కింద ఒక సన్నని గీత ఎడమ నుంచి కుడికి నిండాలి. ఆ నిండడం ఎంత నిదానమంటే, చూస్తూ కూర్చుంటే విసుగుకే విసుగు పుట్టేది. అన్నయ్యకి అప్పటికి ఇరవై నాలుగు, లిఫ్టులు బాగుచేసే పనిలో కొత్తగా చేరాడు. ప్రతిదాన్నీ కొలవడం అతనికి పనిలో అబ్బిన జబ్బు. చేతి గడియారం పట్టుకుని కొలిచి తేల్చాడు, యాభై రెండు సెకన్లు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ యాభై రెండు సెకన్లే వాళ్ళిద్దరి కబుర్ల వేళ. మిగతాప్పుడంతా అరుపులే కదా. పనిలో పెద్ద మెకానిక్కు ఎలా నోరు పారేసుకున్నాడో, లిఫ్టు గుంతలో దిగినప్పుడు ఎంత భయమేసిందో అన్నయ్య ఆ నల్లతెర ముందే చెప్పేవాడు. తనకి చదువు అంటడం లేదని బుడ్డోడు మొదటిసారి బయటపెట్టింది కూడా అక్కడే. బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చునే అమ్మాయి సంగతి నాలుగు లోడింగుల్లో విడతలు విడతలుగా వచ్చింది. "ఆ అమ్మాయి ఏమందంటే..." అనేసరికి గీత నిండిపోయేది. "ఏమందో చెప్పు ముందు!" అని బుడ్డోడు గింజుకుంటుంటే, "ఆగరా, శత్రువులొచ్చారు" అని అన్నయ్య తుపాకీ ఎత్తేవాడు. ఆ అమ్మాయే తర్వాత వదిన అయింది.

ఇంత బంగారం లాంటి ఆలస్యాన్ని పోగొట్టుకోవాలనే బుద్ధి పుట్టింది బుడ్డోడికే. ఏదో కంప్యూటర్ల పత్రికలో చదివాడు. రెండు హార్డ్ డిస్కులు పెట్టి స్ట్రైపింగ్ చేస్తే కంప్యూటరు వాటిని ఒకే డిస్కు అనుకుంటుందట. ప్రతి ఫైలునీ ముక్కలు చేసి ఒక ముక్క ఇందులో, తర్వాతి ముక్క అందులో రాస్తుందట. చదివేటప్పుడు రెండూ ఒకేసారి పరిగెడతాయి కాబట్టి వేగం రెట్టింపు. ఇంకేం, ఆట గాల్లో తేలిపోదూ!

"తేలదయ్యా," అన్నాడు షాపాయన ఆనాడే. ఆయనది మొదటి నుంచీ పుల్లవిరుపు మాటే. "లోడింగు కాస్త తగ్గుతుంది. ఆట నడిచే వేగం మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు, దానికి డిస్కుతో పనేముంది? పైగా రెంటిలో ఏ ఒక్కటి పోయినా రెండూ పోయినట్టే. పుస్తకంలో సరి పేజీలు ఒకడి దగ్గర, బేసి పేజీలు ఒకడి దగ్గర ఉంటే ఏం చదువుతావు?"

బుడ్డోడు చెవిన వేసుకుంటేగా! సెలవులు సెలవులన్నీ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు తుడిచి, రెండో డిస్కు సంపాదించి తెచ్చాడు. తుడవడానికి వెళ్ళినవాడు ఆ షాపులోనే బతుకంతా ఉండిపోయాడు, అది వేరే సంగతి. డిస్కు తెచ్చిన రోజున కంప్యూటరు పెట్టె విప్పి, పక్కపక్కన రెండూ బిగించి, అన్నీ మొదటి నుంచీ ఎక్కించేసరికి సాయంత్రమైంది. బుడ్డోడు స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అన్నయ్య గడియారం నొక్కాడు. నలభై మూడు సెకన్లు.

"తొమ్మిదే తగ్గిందా?" అన్నాడు బుడ్డోడు బిక్కమొహం వేసుకుని.

"ఉండరా, ఆట చూడనీ," అని అన్నయ్య కుర్చీలో కూర్చుని పది నిమిషాలు ఆడాడు. పొగ కమ్ముకున్న చోట ఎప్పట్లాగే బొమ్మ నత్తి నత్తిగా కదిలినట్టు బుడ్డోడికి అనిపించింది. అంతలో అన్నయ్య వెనక్కి తిరిగి, "ఒరే, వెన్నలా పోతోందిరా! ఇంతకుముందుకీ దీనికీ పోలికే లేదు!" అన్నాడు. ఇక బుడ్డోడి కాళ్ళు భూమ్మీద నిలవలేదు. షాపాయనకి ఏమీ తెలియదని ఏడాది పాటు వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు.

ఆ రెండు డిస్కుల మీదే వాళ్ళు ఇల్లు కట్టారు. ఆటతో పాటు మజిలీలు తయారుచేసుకునే పనిముట్టు కూడా వచ్చింది. ఊహల్లో కోటలు ఎందుకు, మన ఇల్లే కడదామన్నాడు అన్నయ్య. కొలతలు కావాలంటే అమ్మే ముందుకొచ్చింది. మెడలో టేపు వేసుకుని గది గదీ కొలిచి, చొక్కా కొలతలు చెప్పినట్టే చెప్పేది. "వంటింటి గుమ్మం ముప్పై రెండు. గట్టు ముప్పై నాలుగు. రాసుకున్నావా? మళ్ళీ చెప్పను." ఆరు నెలలు పట్టింది. గోడ మీద పెచ్చు ఊడిన చోటుతో సహా దింపారు. చూపించమంటే, అమ్మ స్టూలు మీద కూర్చుని కళ్ళు చికిలించి చూసి, "నా మిషను ఏదిరా?" అంది. ఇంకో రెండు వారాలు కూర్చుని మిషను కూడా చేశారు. తుపాకులు పట్టుకున్న శత్రువులు వంటింట్లో పరిగెడుతుంటే, "ఇప్పుడే తుడిచాను, నేల ఆరేదాకా రావద్దని చెప్పు వాళ్ళకి," అంది. ఆ వేళ ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత అంత నవ్వు ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

అన్నయ్య పెళ్ళి కుదిరింది. లిఫ్టుల కంపెనీకి దగ్గర్లో ఇల్లు తీసుకుని వేరు కాపురం పెట్టాలనుకున్నాడు. అందులో తప్పేముంది? తప్పు ఉందని బుడ్డోడు మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "కంప్యూటరు నువ్వే ఉంచుకోరా, ఇంక నాకు ఆడే తీరిక ఎక్కడ," అన్నాడు అన్నయ్య మంచిగానే. "నీ దయాదాక్షిణ్యాలు నాకక్కర్లేదు. పెళ్ళాం వచ్చేసరికి అన్నీ చేదయ్యాయి నీకు," అని బుడ్డోడు నోరు జారాడు. "ఇంకా ఆటలాడుకునే వెధవ్వి, నీకేం తెలుసురా బతుకంటే," అని అన్నయ్యా జారాడు. ముక్కు మీద కోపం ఇద్దరికీ తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. మాటా మాటా పెరిగి గొంతులు వీధికెక్కేసరికి, అమ్మ టేపు మెడలో వేసుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఆపండి. నేను పంచుతాను," అంది.

అమ్మ గుడ్డ కత్తిరిస్తే నూలుపోగు తేడా ఉండదని వీధిలో పేరు. అదే కత్తెరతో కంప్యూటర్ని పంచింది. తెర పెద్దోడికి, పెట్టె చిన్నోడికి. కీబోర్డు వీడికి, మౌసు వాడికి. అంతటితో ఆగినా బాగుండేది. "మీరు చేసిన ఇల్లు అదీ ఎందులో ఉంటుంది?" అనడిగింది. పెట్టె లోపల డిస్కుల్లో అన్నాడు అన్నయ్య. "ఎన్ని?" "రెండు." "ఇద్దరు కొడుకులు, రెండు డిస్కులు. ఇంకేం, తలొకటి. ఎవరికీ అన్యాయం లేదు," అని తీర్పు చెప్పేసింది.

విడదీస్తే రెండూ ఉత్త ఇనప ముక్కలని ఇద్దరికీ తెలుసు. ఆ మాట చెప్పడానికి ఒక్క నోరు చాలు. బుడ్డోడు అన్నయ్య వైపు చూశాడు, అన్నయ్య బుడ్డోడి వైపు చూశాడు. ముందు ఎవడు నోరు విప్పితే వాడు ఓడిపోయినట్టని ఇద్దరూ గోడలా నిలబడ్డారు. చివరికి "అమ్మ చెప్పినట్టే కానీ," అన్నాడు అన్నయ్య. బుడ్డోడే వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చి విప్పాడు. ఒక్కో డిస్కుకి నాలుగు మరలు. ఎనిమిదోది విప్పేదాకా వాడు ఆపుతాడేమోనని వీడు, వీడు ఆపుతాడేమోనని వాడు చూశారు. ఎవడూ ఆపలేదు.

అన్నయ్య వెళ్ళిపోయిన మర్నాడు ఇల్లు ఖాళీగా ఉంది. అమ్మ మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. బుడ్డోడు పక్కింట్లోంచి తెర, మౌసు అరువు తెచ్చి, తన డిస్కుని పెట్టెలో బిగించి ఫార్మాట్ కొట్టాడు. పావుగంటకి పైగా పట్టింది. ఆపే బొత్తాం కళ్ళెదురుగానే ఉంది. నొక్కలేదు. కసిగా చూస్తూనే కూర్చున్నాడు. అయిపోయాక ఒక్కసారిగా ఏడుపొచ్చింది. తర్వాత దాని నిండా పాటలు ఎక్కించాడు, తీశాడు, మళ్ళీ ఏవేవో ఎక్కించాడు, అవీ తీసేశాడు.

ఎనిమిదేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తూ ఆ ఇంటిని పడగొట్టారు. లోపలి గదుల ఫొటో ఒక్కటి లేదు. ఫొటో అంటే ఎప్పుడూ మనుషులందరూ వీధి గోడ ముందు వరసగా నిలబడడమే కదా. అప్పుడు అమ్మ అడిగింది, "ఒరే, మీరు కట్టిన ఇల్లు ఒకసారి చూపించరా, మిషను చూస్తాను," అని. "కంప్యూటరు రిపేరులో ఉందమ్మా," అన్నాడు బుడ్డోడు. రెండోసారి అడిగితే, "చూద్దాంలే," అన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు. అన్నయ్య కనిపించినప్పుడల్లా బుడ్డోడు వేరే వరస వెతుక్కోవడానికి కారణం కోపం కాదు. కోపం ఆ ఏడాదే చల్లారిపోయింది. మొహం చెల్లక.

ఆదివారం వచ్చింది. డిస్కుని జేబులో వేసుకుని బుడ్డోడు దారి పొడుగునా అబద్ధాలు వెతుక్కున్నాడు. పోయిందనొచ్చు, కానీ ఉందని చెప్పేశాడు. కింద పడేస్తే? మెట్ల మీంచి ఒక్కసారి జారవిడిస్తే చాలు, ఇక ఎవడూ దాన్ని చదవలేడు. షాపు మెట్ల మీద నిలబడి డిస్కుని చేత్తో పట్టుకున్నాడు కూడా. అంతలో అన్నయ్య లోపల్నుంచి చూసి, "వచ్చావా! రా, రా!" అని ఎదురొచ్చి చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

ఒకప్పుడు కంప్యూటర్లతో నిండిన షాపులో ఇప్పుడు అన్నీ పగిలిన ఫోన్లే. షాపాయన కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. అన్నయ్య తన పనిముట్ల సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. మెత్తటి గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు, దాని పైన దారం. "ఆరు ఇళ్ళు మారామయ్యా, ప్రతిసారీ దీన్ని మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది," అన్నాడు.

"నేను ఆనాడే చెప్పానా లేదా, రెంటి మీదా ముక్కలు ముక్కలుగా రాయించుకోవద్దని?" అన్నాడు షాపాయన. ఇరవై రెండేళ్ళు ఆ మాట కోసమే ఆగినట్టున్నాడు. ముందు అన్నయ్య డిస్కుని తగిలించాడు. చిన్నగా రొద చేస్తూ తిరిగింది. "బతికే ఉంది. ముందు దీని నకలు తీసుకుంటా, గంట పైనే పడుతుంది. తర్వాత తమ్ముడిది. కూర్చోండి."

ఇద్దరూ రెండు స్టూళ్ళ మీద కూర్చున్నారు. అన్నయ్య ఆగలేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని, లిఫ్టు గుంతల్లోకి దిగడం మానేసి కుర్రవాళ్ళకి నేర్పుతున్నాడని, వదినకి చక్కెర జబ్బని, ఆమె ఇప్పటికీ బుడ్డోణ్ణి తలుచుకుంటుందని చెప్పుకుపోయాడు. "ముందు వంటిల్లే చూడాలిరా. గట్టు మీద డబ్బాలు పెట్టాం గుర్తుందా? పెట్టామా?" అని మధ్యలో ఆగి ఆలోచించాడు. బుడ్డోడు తన డిస్కుని ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. ఇంత మనిషి, ఇంత ఆశ పెట్టుకుని తన పక్కనే ఉన్నాడని సిగ్గుతో చితికిపోయాడు.

"టీ తెస్తానుండు," అని అన్నయ్య లేచి బయటికి వెళ్ళాడు.

అతను గుమ్మం దాటడంతోనే షాపాయన బుడ్డోడి డిస్కుని వేరే యంత్రానికి తగిలించాడు. రెండు నిమిషాలు తెర చూశాడు. తర్వాత కళ్ళజోడు పైకి తోసి బుడ్డోడి మొహం చూశాడు.

"ఇది ఆరోగ్యంగా ఉంది. ఖాళీగా ఉంది. తుడిచి, దాని మీద పదిసార్లు వేరేవి రాశారు. ఎవరు?"

బుడ్డోడు తల దించుకున్నాడు.

"అర్థమైంది," అన్నాడు షాపాయన. మొదటిసారి ఆయన గొంతులో పుల్లవిరుపు లేదు. "పాడైపోయిందని చెప్పనా? పాతవి, ఎవరూ అనుమానించరు. ఇలాంటివి నేను చాలామందికి చెప్పాను. ఒక్క ముక్క చాలు. మీ ఇద్దరూ ఇంటికెళ్ళి హాయిగా ఉండొచ్చు."

ఎంత తేలిక! ఔనని తలూపితే చాలు. తప్పంతా ఇనుముది అవుతుంది, అన్నయ్య నిట్టూర్చి తన భుజం తడతాడు. ఆ తర్వాత వదిన భోజనానికి పిలుస్తుంది. బుడ్డోడికి అదంతా కావాలనిపించింది, నోరూరేంతగా కావాలనిపించింది. కానీ ఆ భోజనం గొంతు దిగదని కూడా తెలుసు. మళ్ళీ ఎదురుపడిన ప్రతిసారీ వేరే వరస వెతుక్కోవాల్సిందే.

అన్నయ్య మూడు టీలతో వచ్చాడు. "ఏమంటోంది తమ్ముడిది?"

షాపాయన బుడ్డోడి వైపు చూశాడు.

"అన్నయ్యా, అందులో ఏమీ లేదు," అన్నాడు బుడ్డోడు. "నేనే తుడిచేశాను."

"పొరపాటునా?"

"కాదు. నువ్వెళ్ళిన మర్నాడు. కావాలనే. ఆపొచ్చు, ఆపలేదు. అమ్మ రెండుసార్లు ఇల్లు చూపించమంది. రిపేరులో ఉందని అబద్ధం చెప్పాను." "ఇప్పుడు కూడా పాడైపోయిందని చెప్పేద్దామనుకున్నా."

అన్నయ్య టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఒలికింది. ఎవరూ తుడవలేదు. అతని మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. కొడతాడేమో అనుకున్నాడు బుడ్డోడు. కొడితే బాగుండుననుకున్నాడు. అన్నయ్య స్టూలు మీద కూలబడి నేల చూస్తూ ఉండిపోయాడు.

షాపాయనే కదిలాడు. "ఇల్లు రాదు. అది పెద్ద ఫైలు, ముక్కలైపోయింది. కానీ ఒక్క ముక్కలో పట్టేంత చిన్నవి ఉంటే అన్నయ్య సగంలోనే పూర్తిగా దొరుకుతాయి. చూస్తానుండండి," అని వేళ్ళు ఆడించాడు. అన్నీ పిచ్చి గీతలే వచ్చాయి. ఒకచోట ఆగాడు. "ఇదేదో రాత. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు." గట్టిగా చదివాడు:

"ఒక డిస్కు లోడింగు యాభై రెండు. రెండు డిస్కులు నలభై మూడు. ఆటలో సెకనుకి మారే బొమ్మలు ముందు ఇరవై ఏడు, ఇప్పుడూ ఇరవై ఏడు. పొగ దగ్గర ముందు పదకొండు, ఇప్పుడూ పదకొండు. తేడా ఏమీ లేదు. బుడ్డోడికి చెప్పకూడదు. సెలవులన్నీ పోగొట్టుకుని తెచ్చాడు."

షాపాయన తనలో తాను నవ్వుకున్నాడు. బుడ్డోడు అన్నయ్య వైపు తిరిగాడు.

"వెన్నలా పోతోందన్నావు."

"అన్నాను," అన్నాడు అన్నయ్య తల ఎత్తకుండానే. "ఆ మొహం వేసుకుని కూర్చుంటే ఇంకేమనను?"

బుడ్డోడికి ఇక ఏడుపు ఆగలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నిండాయి. అంత ప్రేమ పెట్టిన మనిషినీ, అతనితో కట్టిన ఇంటినీ, ఒక పావుగంట కసి కోసం తుడిచేశాడు.

"నన్ను కూడా అడిగింది అమ్మ," అన్నాడు అన్నయ్య. "రెండూ కలిపితే గానీ కనబడదన్నాను. తమ్ముడి దగ్గరికెళ్ళి కలిపి చూపించరా అంది. వాడే రావాలి, నేనెందుకెళ్ళాలి అన్నాను. ఇరవై రెండేళ్ళు నిన్ను పొగరుబోతువని తిట్టుకున్నానురా. నువ్వేమో మొహం చెల్లక రాలేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడేం చేసుకోను?"

"నాకే ఉంచు. సరిగ్గా సరిపోతాయి."

"నీవి నీకిస్తాను. మిగతావి నావి," అన్నాడు అన్నయ్య. "నేనొక్కసారి మీ ఇంటికొచ్చి అడిగుంటే నువ్వు ఆనాడే చెప్పేసేవాడివి. అమ్మ ఉండగానే మళ్ళీ కట్టేవాళ్ళం. తనే కొలిచి ఇచ్చేది."



షాపాయన రెండు డిస్కులూ విప్పి ఇద్దరికీ ఇచ్చేశాడు. బయట ఎండ ముదిరింది. బస్సు స్టాపు దాకా నడిచారు. అక్కణ్ణుంచి అన్నయ్య వెళ్ళేది ఒక వైపు, బుడ్డోడు వెళ్ళేది ఇంకో వైపు. స్టాపులో నిలబడ్డాక అన్నయ్య అడిగాడు.

"మిషను కిటికీ పక్కనుండేదా, గుమ్మం పక్కనా?"

"కిటికీ పక్కన. వెలుగు కోసం."

"మరి పొయ్యి?"

అన్నయ్య బస్సు వచ్చింది. అతను దాని వైపు చూసి, చేయి అడ్డంగా ఊపి పోనిచ్చాడు. బుడ్డోడు పొయ్యి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పొయ్యి పక్కన అమ్మ కూర్చునే పీట గురించి అన్నయ్య అందుకున్నాడు. రెండో బస్సు వచ్చింది, దాన్నీ పోనిచ్చారు. తర్వాత ఎన్ని బస్సులు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు.